అవ్వ చేతికి ఒప్పే ట్యాబ్

(హనుమకొండలో పింఛనుదారులు, వాళ్ళ పిల్లలు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో, ఫోన్లు బాగుచేసే పనిలో ఉన్న ఒకరు మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్ళు ముందు కూర్చున్నారు, పిల్లలు వెనక నిలబడ్డారు, నేను చెప్పేది ఇద్దరికీ కావాల్సిందే కాబట్టి వెనక ఉన్నవాళ్ళు కొంచెం ముందుకు జరగండి. నాది చౌరస్తా దగ్గర ఫోన్లు, ట్యాబ్‌లు బాగుచేసే పని. అమ్మేది తక్కువ, బాగుచేసేది ఎక్కువ. ఫలానా కంపెనీదే కొనండి అని చెప్పడానికి నేను రాలేదు. కొన్న తర్వాత ఆ ట్యాబ్ ఇంట్లో ఏమవుతుందో రోజూ చూస్తుంటాను, ఆ సంగతులు చెబుతాను.

చాలామంది కౌంటర్ దగ్గరికి వచ్చి "అన్నా, మా అమ్మకు ఒక మంచి ట్యాబ్ చెప్పు, పదిహేను వేల లోపల" అంటారు. నేను అడిగేది ర్యామ్ గురించి కాదు. మీ అమ్మ ఇన్నేళ్ళు ఏం పని చేసింది? కంటి ఆపరేషన్ అయిందా? చదవడం వచ్చా? ఏ చెవి బాగా వినపడుతుంది? ఆమె ఎవరిని చూడాలనుకుంటున్నదో వాళ్ళు ఏ దేశంలో ఉన్నారు? "ట్యాబ్ కొనడానికి ఇవన్నీ ఎందుకన్నా" అని ఆశ్చర్యపోతారు. ఇవే కావాలి. డబ్బు పెట్టేది మనం, వాడేది వాళ్ళు. వాళ్ళ వేలికి, కంటికి, చెవికి ఒప్పిందే మంచి ట్యాబ్, డబ్బా మీద రాసిన అంకెలు ఆ తర్వాత.

ముందు వేలి సంగతి చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు, నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. ఇప్పటి టచ్ స్క్రీన్లు గట్టిగా నొక్కితే పనిచేసే రకం కాదు. అద్దం కింద సన్నని విద్యుత్ క్షేత్రం ఉంటుంది, మన చర్మంలో తడి, ఉప్పు ఉంటాయి కాబట్టి వేలు ఆనగానే అందులో తేడా వస్తుంది, ఆ తేడాను బట్టి వేలు ఎక్కడ పెట్టామో అది పసిగడుతుంది. దీన్నే కెపాసిటివ్ టచ్ అంటారు. వయసు మీదపడితే చర్మం ఎండిపోతుంది, పొడిబారుతుంది. పైగా మన దిక్కు పెద్దవాళ్ళ చేతులు ఎటువంటివి? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఏళ్ళ తరబడి బీడీలు చుట్టిన చేతులు. పరకాల, నర్సంపేట వైపు పత్తి ఏరి, మిరపకాయ తెంపి, నాట్లు వేసిన చేతులు. భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు బాయిల్లో దిగి పనిచేసిన చేతులు. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడక కన్ను చూపించి బియ్యం తెచ్చుకునే అవ్వలు ఇక్కడే ఉంటారు. ఆ మిషన్ పనిచేసే తీరు వేరు, ట్యాబ్ పనిచేసే తీరు వేరు, కానీ అరిగిపోయి ఎండిపోయిన వేలు మాత్రం అదే కదా.

ఇప్పుడు ఏం జరుగుతుందో చూడండి. అవ్వ బొమ్మను ఒకసారి ముట్టుకుంటుంది, అది కదలదు. అందలేదేమో అని రెండోసారి వేలు అదిమి పట్టుకుంటుంది. ట్యాబ్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుంటుంది. ఐకాన్ వేలి వెంట లేచి వచ్చి ఎక్కడో పడిపోతుంది, లేకుంటే తీసెయ్యాలా అని అడుగుతుంది, ఆమె ఏదో ఒకటి నొక్కుతుంది. మాపటికి కొడుకు ఫోన్ చేస్తే "వాట్సాప్ పోయింది బిడ్డా, నేనేం ముట్టలేదు" అంటుంది. ఆమె చెప్పేది నిజం, ఆమె తీసెయ్యలేదు, ఆమె వేలు ఆగినంతసేపు ఆగడానికి ఆ ట్యాబ్‌ను ఎవరూ సరిచేసి ఇవ్వలేదు. దీనికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంది. యాక్సెసిబిలిటీలోకి పోతే టచ్ అండ్ హోల్డ్ డిలే అని కనిపిస్తుంది, దాన్ని లాంగ్‌కు మార్చండి. అంటే వేలు ఎక్కువసేపు పెట్టినా మామూలు నొక్కుడు కిందే లెక్క. చేతులు వణికేవాళ్ళకు శాంసంగ్ వాటిల్లో ఇగ్నోర్ రిపీటెడ్ టచెస్ అని ఇంకొకటి ఉంటుంది, ఒకే చోట వెంటవెంటనే నాలుగుసార్లు వేలు తగిలినా ఒక్కసారే తగిలినట్టు తీసుకుంటుంది. ఈ రెండూ మార్చి పంపిన తర్వాత "ట్యాబ్ ఖరాబైంది" అని మళ్ళీ తెచ్చినవాళ్ళు బాగా తక్కువ.

అందుకే పిల్లలకు నా మొదటి మాట, అమ్మను నాన్నను దుకాణానికి తీసుకపోండి. ఆన్‌లైన్‌లో కొంటే వెయ్యి తక్కువ పడవచ్చు, పడనివ్వండి, కానీ ముందు ఏదో ఒక దుకాణంలో ఆ ట్యాబ్‌ను వాళ్ళ చేతిలో పెట్టండి, కూర్చోబెట్టి ఇవ్వండి, మీరు ముట్టకండి. వాళ్ళ వేలు నాలుగుసార్లు పెడితే ఎన్నిసార్లు అందుకుంటుందో చూడండి. మందమైన టెంపర్డ్ గ్లాస్ వేస్తే ఎండిన వేలుకు ఇంకా కష్టం, కాబట్టి గ్లాస్ వేయించే ముందు ఒకసారి, వేయించిన తర్వాత ఒకసారి వాళ్ళతోనే నొక్కించి చూడండి. అయినా అందకపోతే రబ్బరు మొన ఉన్న టచ్ పెన్ను దొరుకుతుంది, తక్కువ ధరే, చాలామంది పెద్దవాళ్ళకు వేలికంటే అదే హాయి. ఇంకొకటి, చార్జింగ్ పెట్టి వాడుతుంటే టచ్ పిచ్చిపిచ్చిగా పోతుందని వస్తారు, ముట్టని చోట ముట్టినట్టు తెరుచుకుంటుందని. చాలాసార్లు అది ట్యాబ్ తప్పు కాదు, నాసిరకం చార్జర్ తప్పు. డబ్బాలో వచ్చిన చార్జర్ లేదా అదే కంపెనీది వాడండి. లాక్ కోసం వేలిముద్ర మాత్రం పెట్టకండి. బ్యాంకు సంగతులేమీ లేని ట్యాబ్, ఇల్లు దాటని ట్యాబ్ అయితే ఒట్టి స్వైప్ చాలు, లేదంటే వాళ్ళకు గుర్తుండే నాలుగంకెల పిన్.

కంటి సంగతికి వద్దాం. అందరూ అనుకునేది పెద్ద స్క్రీన్ అయితే పెద్దవాళ్ళకు మంచిదని. సగమే నిజం. పదకొండు అంగుళాల ట్యాబ్ దగ్గరదగ్గర అర కిలో ఉంటుంది, శాంసంగ్ ఏ9 ప్లస్ 480 గ్రాములు, దానికి ఫ్లిప్ కవర్ వేస్తే ఇంకా బరువు. అదే కంపెనీ చిన్న ఏ9 ఎనిమిదిన్నర అంగుళాల పైచిలుకు, 332 గ్రాములు. కీళ్ళ నొప్పులున్న అమ్మ మంచం మీద ఒరిగి అర కిలో బరువు ఎంతసేపు పట్టుకుంటుంది? పది నిమిషాల తర్వాత రొమ్ము మీద పెట్టుకుంటుంది, అప్పుడు వీడియో కాల్‌లో మనమడికి ఆమె గదవ, ఇంటి పైకప్పు కనిపిస్తాయి. చేతితో పట్టుకుని వాడేవాళ్ళకు చిన్నది. బల్ల మీదనో కుర్చీ మీదనో స్టాండు పెట్టి చూసేవాళ్ళకు పెద్దది. స్టాండు గట్టిగా, వెడల్పు పాదంతో ఉండాలి, మడతపెట్టే కవర్‌నే స్టాండు అనుకుంటే అది నొక్కినప్పుడల్లా వెనక్కి పడుతుంది.

అద్దాల విషయం ఇంకొకటి. 2018లో మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగులో మన ఊళ్ళల్లో చాలామందికి దగ్గరి చూపు అద్దాలు వచ్చాయి. ఆ అద్దాలు చేతిలో పుస్తకం పట్టుకునేంత దూరానికి, అంటే అడుగు, అడుగుంపావు దూరానికి కుదురుతాయి. ట్యాబ్‌ను స్టాండు మీద రెండున్నర అడుగుల దూరంలో పెడితే ఆ అద్దాలతో మసకగానే కనిపిస్తుంది, అద్దాలు తీసినా అక్షరాలు స్పష్టంగా కనపడవు. పెద్దాయన "కండ్లు పోయినయి" అనుకుంటాడు. కండ్లు పోలేదు, ట్యాబ్‌ను దగ్గరికి జరపాలి, లేదా అక్షరాలు పెద్దవి చేయాలి. డిస్‌ప్లేలో ఫాంట్ సైజ్, డిస్‌ప్లే సైజ్ అని రెండు వేర్వేరుగా ఉంటాయి. మొదటిది అక్షరాలను పెంచుతుంది, రెండోది బొమ్మలు, గుండీలు అన్నిటినీ పెంచుతుంది. రెండూ పెంచండి, కానీ చివరిదాకా లాగకండి, మరీ పెంచితే కొన్ని యాప్‌లలో కింద ఉండే గుండీలు తెర దాటిపోతాయి, అప్పుడు ఓకే అనే గుండీ ఎక్కడుందో మనకే దొరకదు. శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు కొందరికి ఎక్కువ వెలుగు కంట్లో గుచ్చుకుంటుంది, తెర నల్లగా, అక్షరాలు తెల్లగా ఉండే డార్క్ మోడ్ పెట్టి చూపండి, ఏది హాయిగా ఉందో వాళ్ళే చెబుతారు.

చెవి గురించి కొద్దిగానే చెబుతాను. వయసుతో ముందు పోయేది సన్నని, కీచు శబ్దాలు వినే శక్తి. అందుకే ఆడపిల్లల మాట, చిన్నపిల్లల మాట సరిగ్గా అర్థం కావడం లేదంటారు, మగగొంతు వినపడుతుంది. ఒట్టి సౌండ్ పెంచితే పని కాదు, స్పీకర్ మాట స్పష్టంగా ఉండాలి. దుకాణంలో సినిమా పాట పెట్టి చూడకండి, వార్తలు పెట్టండి, యాంకర్ ఏం చెప్పిందో అమ్మను అడగండి. రెండు పక్కలా స్పీకర్లు ఉన్నది మేలు. కవర్ ఆ రంధ్రాలను మూసేస్తుందేమో కూడా చూసుకోండి. ఒక చెవే వినపడేవాళ్ళు ఇయర్‌ఫోన్ వాడితే యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చేయండి, రెండు వైపుల శబ్దం ఒకే చెవికి వస్తుంది.

ఇక అసలు ఎందుకు కొంటున్నాం? నూటికి తొంభై ఇళ్ళల్లో వీడియో కాల్ కోసం. ఇక్కడ ముందు అడగాల్సింది కొడుకు ఎక్కడున్నాడని. అమెరికాలో, హైదరాబాద్‌లో ఉంటే వాట్సాప్‌తో పని అయిపోతుంది. దుబాయ్‌లో, అబుదాబిలో ఉంటే అక్కడ వాట్సాప్ కాల్స్ నడవనివ్వరు, మెసేజ్ పోతుంది గానీ కాల్ పోదు. మన కరీంనగర్, జగిత్యాల జిల్లాల్లో గల్ఫ్‌కు పోని ఇల్లు తక్కువ, వాళ్ళంతా బోటిమ్ లాంటి అక్కడ అనుమతి ఉన్న యాప్‌లు వాడతారు. అమ్మకు ట్యాబ్‌లో వాట్సాప్ ఒక్కటి వేసి ఇచ్చి దుబాయ్‌లో ఉన్న కొడుకుకు కాల్ చేయమంటే రోజూ నిరాశే. కొడుకు ఏది వాడుతున్నాడో అడిగి అదే వేయండి.

వైఫై ట్యాబా, సిమ్ ట్యాబా? నేను సిమ్ ఉన్నదే అంటాను, రెండు మూడు వేలు ఎక్కువైనా. ఊరిలో ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ ఉండదు, ఉన్నా కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని వాడమనడం పెద్దవాళ్ళకు చెప్పే మాట కాదు. ఇంకో కారణం, 2025 నవంబర్ చివర్లో కేంద్ర టెలికాం శాఖ వాట్సాప్ లాంటి యాప్‌లకు ఒక ఆదేశం ఇచ్చింది, ఖాతా ఏ నంబర్ మీద ఉందో ఆ సిమ్ ఆ పరికరంలోనే ఉండాలని. ఇంతవరకు చాలా ఇళ్ళల్లో కోడలి ఫోన్‌లో ఉన్న వాట్సాప్‌నే ట్యాబ్‌లో లింక్ చేసి ఇచ్చేవాళ్ళు, దాంతో అసలు ఫోన్ రెండు వారాలు వాడకపోతే లింక్ తెగిపోయేది, పైగా కోడలికి వచ్చే మెసేజ్‌లన్నీ అత్త ముందు తెరుచుకునేవి. అమ్మ పేరు మీద ఒక కొత్త సిమ్, ఆ నంబర్ మీద ఆమె సొంత వాట్సాప్, అది ట్యాబ్‌లోనే. ఏ గొడవా ఉండదు.

కానీ ఒక్క మాట జాగ్రత్తగా వినండి. ట్యాబ్‌లో వేసే సిమ్ బ్యాంకుకు ఇచ్చిన నంబర్ కాకూడదు. బ్యాంకు నంబర్ ఆ పాత గుండీల ఫోన్‌లోనే ఉండనివ్వండి, ఓటీపీలు అక్కడికే రానివ్వండి. ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివి మొదలుపెట్టేటప్పుడు బ్యాంకులో ఉన్న నంబర్ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పోవాలి, ఆ సిమ్ ట్యాబ్‌లో లేకపోతే ఎవరు ఎంత మోసం చేసినా ఆ ట్యాబ్‌లో యూపీఐ తెరవలేరు. ఇంతకంటే పెద్ద తాళం లేదు, దీనికి ఖర్చు ఒక సిమ్ రీచార్జ్.

కంపెనీలు, మోడళ్ళ గురించి ఎక్కువ చెప్పను, ఆరు నెలలకు మారిపోతాయి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కంటే తక్కువది వద్దు. 2 జీబీ, 32 జీబీ ట్యాబ్‌లు తక్కువ ధరకు వస్తాయి, మొదటి నెల బాగుంటాయి, ఆ తర్వాత కాల్ ఎత్తితే బొమ్మ వచ్చేసరికి అవతలివాళ్ళు పెట్టేస్తారు. పెద్దవాళ్ళకు నిదానంగా ఉన్నది చాలని అనుకుంటాం, అది తప్పు. నిదానంగా ఉన్నది వాళ్ళకే ఎక్కువ కష్టం, ఎందుకంటే నొక్కింది అందిందో లేదో తెలియక మళ్ళీ మళ్ళీ నొక్కుతారు. చార్జింగ్ పిన్ టైప్ సి ఉండాలి, ఎటు పెట్టినా ఎక్కుతుంది. పాత మైక్రో పిన్ తిరగేసి గుచ్చి జాక్ విరగ్గొట్టుకున్న ట్యాబ్‌లు నా దగ్గరికి ఇంకా వస్తుంటాయి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారో అడగండి. ఐప్యాడ్ సంగతి అడుగుతారు. ఇంట్లో అందరికీ ఐఫోన్లే ఉంటే, డబ్బు ఇబ్బంది లేకుంటే మంచిదే. 2023లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 17 నుంచి అసిస్టివ్ యాక్సెస్ అని ఉంది, కాల్స్, ఫొటోలు, మెసేజ్‌ల వంటి కొన్నిటినే పెద్ద పెద్ద గుండీలుగా చూపిస్తుంది. చాలాకాలం ఐప్యాడ్‌కు వాట్సాప్ యాప్ ఉండేది కాదు, 2025 మేలో వచ్చింది. అయినా మీరు ఆండ్రాయిడ్ వాడుతూ అమ్మకు ఐప్యాడ్ కొనకండి, ఆమె ఫోన్ చేసి "పైన మూలకు ఏదో వచ్చింది" అంటే మీకే తెలియదు.

కొనడం సగం పనే. కొన్న రోజు రాత్రి మీరు కూర్చుని చేయాల్సింది ఇంకో సగం, అది వేయడం కాదు, తీయడం. కంపెనీ వేసి పంపిన గేములు, షాపింగ్ యాప్‌లు, వాతావరణం యాప్‌లు, అన్నీ తీసేయండి, తీయడానికి రానివి డిసేబుల్ చేయండి. ముందు తెర మీద ఐదో ఆరో ఉండాలి. కింద వేలితో గీస్తే వెనక్కి పోయే పద్ధతి పెద్దవాళ్ళకు పనికిరాదు, సెట్టింగ్స్‌లో నావిగేషన్ మూడు గుండీలకు మార్చండి, ఏ చిక్కులో పడ్డా మధ్య గుండీ నొక్కితే ఇంటికి వస్తావమ్మా అని ఆ ఒక్కటి నేర్పండి. తెర తిరగడం ఆపండి. తెర ఆరిపోయే సమయం ముప్పై సెకన్ల నుంచి పది నిమిషాలకు పెంచండి, ఆమె అద్దాలు వెతుక్కునేలోపు తెర నల్లబడితే మళ్ళీ మొదటికొస్తుంది. నోటిఫికేషన్లు కాల్స్‌కు, మెసేజ్‌లకు తప్ప అన్నిటికీ ఆపండి. వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపండి, లేకపోతే శుభోదయం బొమ్మలు, పండుగ వీడియోలతో స్టోరేజ్ నిండిపోతుంది, నా దగ్గరికి హ్యాంగ్ అవుతుందని వచ్చేవాటిలో ఎక్కువ ఈ రకమే.

చదవడం రాని అమ్మలకు ఏం చేయాలని అడుగుతారు. ముందు తెర మీద మనుషుల మొహాలు పెట్టండి. వాట్సాప్‌లో కొడుకు చాట్ తెరిచి, మూడు చుక్కల్లో పోతే యాడ్ షార్ట్‌కట్ అని ఉంటుంది, అది నొక్కితే కొడుకు ఫొటో ముందు తెర మీదికి వస్తుంది. పెద్దోడి మొహం, చిన్నోడి మొహం, బిడ్డ మొహం వరసగా. మొహం నొక్కాలి, పైన కెమెరా బొమ్మ నొక్కాలి, అంతే. ఫొటో మాత్రం దగ్గరి నుంచి తీసిన మొహం ఉండాలి, పెళ్ళిలో పది మందితో దిగింది పెడితే ఎవరో తెలియదు. యూట్యూబ్‌లో ఏమైనా చూడాలంటే మైకు బొమ్మ నొక్కి మాట్లాడటం నేర్పండి. గూగుల్ 2017 నుంచి తెలుగు మాటను రాతగా మారుస్తున్నది, ఇప్పుడు మన యాసను కూడా బాగానే పడుతుంది. "ఒగ్గు కథ", "కొమురెల్లి మల్లన్న", "మేడారం జాతర" అంటే చాలు, ముందు వరసలోనే వచ్చేస్తాయి. నేర్చుకున్న పెద్దమ్మలు మనకంటే ఎక్కువ వెతుకుతారు, వాళ్ళ ఊరి పేరు చెప్పి బతుకమ్మ పాటలు వెతుక్కుంటారు, అది చూస్తే నాకు చాలా సంతోషం.

మోసాల గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. ఇప్పుడు పెండ్లి పత్రిక అని, ట్రాఫిక్ చలాన్ అని, పీఎం కిసాన్ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపుతున్నారు. అది పత్రిక కాదు, యాప్. నొక్కి వేసుకుంటే మన మెసేజ్‌లు వాళ్ళకు పోతాయి, ఓటీపీలతో సహా. ఆండ్రాయిడ్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని ఉంటుంది, ఏ యాప్‌కు ఆ అనుమతి ఉందో వరసగా చూపిస్తుంది. వాట్సాప్‌కు, క్రోమ్‌కు అది ఆపి ఉందో లేదో ఈ రోజే చూడండి. రెండోది డిజిటల్ అరెస్ట్. పోలీసు బట్టలు వేసుకుని వీడియో కాల్ చేసి, మీ పేరు మీద పార్సిల్‌లో మత్తు మందు దొరికింది, గది దాటొద్దు, ఎవరికీ చెప్పొద్దు అంటారు. ఎక్కువగా పడేది ఉద్యోగం చేసి రిటైరైన, చదువుకున్న పెద్దవాళ్ళే, చేతిలో పీఎఫ్ డబ్బు, గ్రాట్యుటీ డబ్బు ఉంటుంది కాబట్టి. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేది లేనే లేదు. 2024 అక్టోబర్ 27న ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఇదే చెప్పారు. నిజమైన పోలీసు ఎవరూ వీడియో కాల్‌లో అరెస్టు చేయరు, పెట్టేయండి, కొడుకుకే చెప్పాలని లేదు, పక్కింటి వాళ్ళకు చెప్పినా చాలు, ఒంటరిగా మాత్రం ఉండకండి. డబ్బు పోతే 1930కి వెంటనే కాల్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు దాటిపోకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. వాట్సాప్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, కాల్స్‌లోకి పోయి సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చేస్తే తెలియని నంబర్ల కాల్ మోగనే మోగదు. ముందుగా పిల్లల నంబర్లన్నీ సేవ్ చేసి ఆ తర్వాత ఆన్ చేయండి.

నేర్పే విషయంలో పిల్లలకు ఒక మాట. ట్యాబ్ మీ చేతిలోకి తీసుకుని టకటకా చేసి చూపించకండి. మీ చేతులు ఒళ్ళోనే పెట్టుకుని, నోటితో చెప్పి, వాళ్ళ వేలితోనే చేయించండి. ఒకపూట కాల్ ఎత్తడం, అంతే. అది అలవాటయ్యాక కాల్ చేయడం. విసుక్కుంటే వాళ్ళు ఇంకోసారి అడగరు, ట్యాబ్ బీరువాలోకి పోతుంది, తర్వాత ఎన్ని సెట్టింగ్స్ మార్చినా లాభం లేదు. దూరంగా ఉండి చూపాల్సి వస్తే వాట్సాప్ వీడియో కాల్‌లోనే 2023 నుంచి స్క్రీన్ షేర్ ఉంది, వాళ్ళ తెర మీకు కనిపిస్తుంది, మీరు చెబితే వాళ్ళు నొక్కుతారు. దూరం నుంచి ఇంకొకరి తెరను చూసి నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి పెద్దవాళ్ళ ట్యాబ్‌లో వేయకండి, బ్యాంకు వాళ్ళమని ఫోన్ చేసేవాళ్ళు మొదట అడిగేది అవే. స్క్రీన్ షేర్ కూడా ఇంటివాళ్ళు అడిగితేనే అని గట్టిగా చెప్పండి.

(ఇక్కడ ముందు వరసలో ఒక పెద్దాయన లైఫ్ సర్టిఫికెట్ ట్యాబ్‌లో అవుతుందా అని అడిగారు.)

అవుతుంది సార్. కేంద్ర ప్రభుత్వ పింఛన్‌దారులకు ఆ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014లో మొదలైంది, 2021 నవంబర్ నుంచి మొహం చూపించి కూడా చేయొచ్చు, వేలిముద్ర మిషన్ అక్కరలేదు. ఆధార్ ఫేస్ ఆర్‌డీ అని ఒక యాప్, జీవన్ ప్రమాణ్ అని ఒక యాప్, రెండూ ప్లే స్టోర్ నుంచే వేసుకోవాలి, ఎవరో పంపిన లింకుల నుంచి కాదు. నవంబర్‌లో ఇవ్వాలి, ఎనభై దాటినవాళ్ళు అక్టోబర్ ఒకటి నుంచే ఇవ్వొచ్చు. రాష్ట్ర ప్రభుత్వ పింఛన్‌దారులకు టీ యాప్ ఫోలియో అనే ప్రభుత్వ యాప్‌లో సెల్ఫీతో చేసే వీలుంది. కానీ చవక ట్యాబ్‌ల ముందు కెమెరా బలహీనంగా ఉంటుంది, మొహం పట్టకపోతే టెన్షన్ పడకండి, కిటికీకి ఎదురుగా, వెలుగు మొహం మీద పడేటట్టు కూర్చోండి, అద్దాలు తీసి చూడండి. అయినా కాకపోతే కొడుకు ఫోన్‌లో చేయండి, ఎవరి ఫోన్‌లోనైనా అవుతుంది, అది మీ ట్యాబ్‌లోనే కావాలని లేదు. ఈ ఒక్క పని కోసం ఖరీదైన ట్యాబ్ కొనాల్సిన అవసరం అసలే లేదు.

(వెనక నుంచి ఒక అక్క, మా అత్తమ్మ ట్యాబ్ ముట్టనే ముట్టదు, ఏం చేయాలి అని అడిగారు.)

ముట్టకపోతే వదిలేయండి అక్కా, నిజంగానే చెబుతున్నాను. ఆమెకు టీవీ రిమోట్ వచ్చా? వస్తే స్మార్ట్ టీవీలో భక్తి పాటలు పెట్టి ఇవ్వండి, మాట్లాడటానికి గుండీల ఫోన్ ఉంచండి, వారానికి ఒకసారి మీరే మీ ఫోన్‌లో వీడియో కాల్ కలిపి ఆమె చేతికివ్వండి. ట్యాబ్ వాడటం ఆమె బాధ్యత కాదు. కొన్నాళ్ళకు పక్కింటి ఆమె వాడుతుంటే చూసి అడగొచ్చు, అప్పుడు కొనొచ్చు.

సరే, మాటలు చాలు. ట్యాబ్‌లు తెచ్చుకున్నవాళ్ళు ఈ బల్ల దగ్గరికి రండి, పెద్దవాళ్ళు కూర్చోండి, నిలబడాల్సిన పని లేదు. ముందు టచ్ అండ్ హోల్డ్, ఆ తర్వాత అన్‌నోన్ యాప్స్, ఈ రెండూ అందరివీ చూద్దాం. పిల్లలు పక్కన ఉండండి, కానీ నొక్కేది మాత్రం వాళ్ళే.